పడిగె గీసిందెవరు?

మణుగూరు, భద్రాచలం వైపు కోయ గూడేల్లో కొలుపులప్పుడు పడిగె బయటికొస్తుంది. ముక్కోణపు గుడ్డ, దాని నిండా బొమ్మలు. వేల్పులు, మూలపురుషులు, వాళ్ల కథలో నడిచొచ్చిన జీవాలు. గట్టు అంటే వంశం. మూడో గట్టు, ఐదో గట్టు అంటూ ఎవరి గట్టుకు వాళ్ల వేల్పు, ఎవరి వేల్పుకు వాళ్ల పడిగె. కనుముక్కు తీరు కోసం వెతికితే అందులో దొరకదు. అయినా నా లెక్కలో అది చిత్తరువే. ఫలానావాళ్లం మేం అని ఒక వంశం పదిమందిలో నిలబెట్టుకున్న బొమ్మ అది.

దాన్ని తలచుకున్నప్పుడల్లా నాకు అమ్మి ఫిలిప్స్ గుర్తొస్తాడు. 1788లో పుట్టి 1865లో పోయిన అమెరికా చిత్రకారుడు. న్యూయార్క్, కనెక్టికట్, మసాచుసెట్స్ కలిసే పల్లెల్లో తిరుగుతూ కుటుంబాల బొమ్మలు తైలవర్ణాల్లో వేసేవాడు. 1830ల నాటి ఎర్ర గౌను పాప బొమ్మ చూడండి. చేతుల్లో తెల్ల పిల్లి, కాళ్ల దగ్గర కుక్క. గౌనుకు మడతల నీడలు దాదాపు లేవు, అంతా పరుచుకున్న ఎరుపు. ఆ ఎరుపులోనే పాప ఎంత నిండుగా ఉంటుందో! బొమ్మల మీద అతను సంతకం పెట్టింది అరుదు. పోయాక పేరూ పోయింది. అతని బొమ్మల్ని ఊరూ పేరూ తెలియని ఇద్దరు చిత్రకారులవిగా చెప్పుకున్నారు. 1950ల చివర్లో హోల్డ్రిడ్జ్ అనే దంపతులు సంతకమున్న ఒక బొమ్మ పట్టుకుని వెతుక్కుంటూ పోతే ఆ ఇద్దరూ ఒక్కడేనని తేలింది.

మన పడిగెలకు ఆ వెతుకులాట ఇంకా సరిగ్గా జరగలేదు. జయధీర్ తిరుమలరావు లాంటి పరిశోధకులు మాత్రం ఏళ్ల తరబడి తిరిగి, కోయల కథలు పాడి చెప్పే డోలీల దగ్గర ఆ కథలు సేకరించారు. ఆ డోలీల్లో ఒకరు మణుగూరు మండలం కూనవరం సకిని రామచంద్రయ్య. డోలు కొడుతూ, పడిగె చూపిస్తూ సమ్మక్క సారలమ్మల కథ చెప్పేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు. గుడ్డ మిగులుతుంది, ఫలానా బొమ్మ దగ్గర ఎత్తుకోవాల్సిన పాట మనిషితో పోతుంది. పాట తెలియనివాళ్ల చేతిలో పడిగె సగమే. మ్యూజియంలో అద్దం వెనక పెట్టి కింద ‘కోయ పడిగె’ అని రెండు ముక్కలు రాస్తే ఆ సగం కూడా దక్కదు.

కొలుపులకు వెళ్లే పిల్లలు ఇప్పుడు ఎలాగూ ఫోన్లలో ఫొటోలు తీస్తున్నారు. అప్పుడే పెద్దల్ని అడగండి. ఇది ఏ గట్టుది, ఎవరి చేత చేయించారు, కథ చెప్తున్నది ఎవరు? జవాబు వాళ్ల గొంతులోనే, కోయ మాటలోనే రికార్డు చేయండి. వద్దంటే ఊరుకోండి. వేల్పు వాళ్లది.