సారె పుట్టకముందే తిరిగిన గిన్నె

ఇరాక్‌లో బాగ్దాద్‌కు ఉత్తరాన టైగ్రిస్ ఒడ్డున సమర్రా ఉంది. ఎర్నెస్ట్ హెర్జ్‌ఫెల్డ్ అనే జర్మన్ పురావస్తు శాస్త్రవేత్త 1911లో అక్కడ తవ్వకాలు మొదలుపెట్టింది అబ్బాసీ ఖలీఫాల నగరం కోసం. ఆ నగరపు ఇళ్ల అడుగున అంతకు వేల ఏళ్ల ముందరి సమాధులు బయటపడ్డాయి. వాటిలో రంగు బొమ్మల మట్టిపాత్రలు. ఆ పాత్రల్లో ఒక్క గిన్నె గురించే ఈ నాలుగు మాటలు.

లేత రంగు మట్టి మీద ముదురు గోధుమ రంగు, అంతే. రెండో రంగు లేదు. అంచు వెంట పొట్టి గీతల వరస. దాని లోపల ఎనిమిది చేపలు గుండ్రంగా ఈదుతుంటాయి. ఇంకా లోపల నాలుగు పక్షులు. ఒక్కొక్క దాని ముక్కున ఒక్కొక్క చేప. నట్టనడుమ స్వస్తిక. గిన్నె ముక్కలై దొరికింది కాబట్టి ఈ స్వస్తిక తర్వాత అతికినవాళ్లు పూరించినది. అయినా ఆ పక్షుల మెడల వంపు చూడండి. నడుమ ఏముందో తెలియకపోయినా బొమ్మంతా నీటి సుడిలా తిరుగుతూనే ఉంటుంది.

గిరగిరా తిరిగే కుమ్మరి సారె అప్పటికింకా పుట్టలేదు. ఇది క్రీస్తుపూర్వం 6వ సహస్రాబ్ది నాటి పని. గిన్నెను చేత్తోనే మలిచారు, గుండ్రని వరసలను చేత్తోనే గీశారు. బల్లపరుపు పలక మీద ఎనిమిది చేపల్ని సమదూరంలో కూర్చడమే కష్టం. గుంటగా ఉన్న గిన్నె లోపల, మణికట్టు ఆనించే చోటు దొరకని చోట, ఆ పని ఎంత కష్టమో కుంచె పట్టినవారికి తెలుస్తుంది. పైగా మట్టి రంగును ఇట్టే పీల్చేసుకుంటుంది, గీసిన గీతను చెరిపి దిద్దే వీల్లేదు. చేపకు పొలుసులు లేవు, పక్షికి ఈకల లెక్క లేదు. కదలికకు అక్కర్లేనిదంతా వదిలేసిన ధైర్యం అది.

ఉత్తరాన హలఫ్ సంస్కృతికి చెందిన కుమ్మరుల పళ్లెల్లో నలుపు, ఎరుపు, తెలుపు రేకుల పూలు ఇంతకన్నా నాజూకైనవి. 1933లో పురావస్తు శాస్త్రవేత్త మాక్స్ మాలోవన్ అక్కడి అర్పాచియాలో వెలికితీసిన పళ్లెలు అందుకు సాక్ష్యం. పనితనంలో వాటిదే పైచేయి అని ఒప్పుకుంటాను. ప్రాణం మాత్రం ఈ ఒంటిరంగు గిన్నెలోనే ఎక్కువ.

గిన్నె ఇప్పుడు బెర్లిన్ మ్యూజియం సొత్తు. ఫొటో కంటబడితే చూపును నడిమి స్వస్తిక మీదికి పోనివ్వకండి. అంచు దగ్గర మొదలుపెట్టి, చేపల వెంట ఒక చుట్టు తిరిగి రండి.