గుడారములలో నివసించినవారు: విశ్వవిద్యాలయ శిబిరములను గూర్చి ఒక వేదాంత విమర్శ

ఉపోద్ఘాతము

శిబిరము అనే మాట విశాఖపట్టణంలో పరిచర్య చేసేవారికి కొత్తది కాదు. 2021 జనవరిలో ఉక్కు కర్మాగారాన్ని ప్రైవేటుపరం చేయాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన తరువాత, ఫిబ్రవరి నుండి కూర్మన్నపాలెం కూడలిలో కార్మికులు రిలే నిరాహార దీక్షా శిబిరము నడిపారు. మా సంఘములోని ఉక్కు కార్మికులు అందులో వంతులవారీగా కూర్చున్నారు. మేము అక్కడికి వెళ్లి ప్రార్థన చేసి వచ్చాము. 1966లో ఇదే కర్మాగారం కోసం విద్యార్థులు వీధుల్లోకి వచ్చిన సంగతి, ఆ సంవత్సరం నవంబరు 1న ఈ పట్టణంలో జరిగిన పోలీసు కాల్పుల సంగతి మా పెద్దలు మాకు చెప్పియున్నారు. కాబట్టి కూర్మన్నపాలెంలో కూర్చున్నవారిని మాలో ఎవరమూ తిరుగుబాటుదారులని అనలేదు.

అయితే 2024 ఏప్రిల్‌లో అమెరికాలోని విద్యార్థులు పాలస్తీనా ప్రజల పక్షముగా గుడారములు వేసినప్పుడు మా నోట వేరొక మాట వచ్చింది. మా పాస్టర్ల ప్రార్థన సహవాసములో ఒకరు, ఇది ఇశ్రాయేలు మీద తిరుగుబాటు, కాబట్టి దేవుని మీద తిరుగుబాటు అన్నారు. మేము ఆమేన్ అన్నాము. ఆ ఆమేన్‌ను వాక్యపు వెలుగులో పరీక్షించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

జరిగిన సంగతులు

2023 అక్టోబరు 7న హమాస్ జరిపిన దాడిలో ఇశ్రాయేలులో సుమారు 1,200 మంది చంపబడ్డారు. సుమారు 250 మంది బందీలుగా తీసుకొనిపోబడ్డారు. ఆ తరువాత గాజాపై సాగిన యుద్ధంలో మరణించినవారి సంఖ్య, అక్కడి ఆరోగ్య మంత్రిత్వ శాఖ లెక్క ప్రకారం, 2025 నవంబరు చివరికి 70,000 దాటింది.

2024 ఏప్రిల్ 17న న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయపు పచ్చికలో విద్యార్థులు గుడారములు వేశారు. మరునాడు పోలీసులు వంద మందికి పైగా అరెస్టు చేశారు. గుడారములు మరల లేచాయి, ఇతర విశ్వవిద్యాలయములకు వ్యాపించాయి. విద్యార్థులలో కొందరు హామిల్టన్ హాలును ఆక్రమించి, గాజాలో మరణించిన బాలిక హింద్ రజబ్ పేరు దానికి పెట్టారు. ఏప్రిల్ 30 రాత్రి పోలీసులు ఆ భవనాన్ని ఖాళీ చేయించారు.

విద్యార్థుల ముఖ్యమైన కోరిక ఏమిటో మనలో చాలామంది గమనించలేదు. ఆ యుద్ధమునుండి లాభము పొందే కంపెనీలలో విశ్వవిద్యాలయము పెట్టిన పెట్టుబడులను వెనుకకు తీసుకోవాలన్నదే ఆ కోరిక. 1985లో దక్షిణాఫ్రికా వర్ణవివక్ష విషయములో కొలంబియా విద్యార్థులు ఇదే భవనము ముందు బైఠాయించారు. ఆ సంవత్సరమే విశ్వవిద్యాలయము ఆ పెట్టుబడులు ఉపసంహరించుకోవడానికి అంగీకరించింది. 2024 మేలో, కొలంబియాకు అనుబంధమైన యూనియన్ థియలాజికల్ సెమినరీ ధర్మకర్తలు ఈ యుద్ధమునుండి లాభపడే కంపెనీలనుండి పెట్టుబడులు ఉపసంహరించుటకు తీర్మానించారు. వేదాంత కళాశాలలో చదివేవారు ఈ సంగతిని ప్రత్యేకముగా గమనించవలసియున్నది.

రేకాబీయుల మాదిరి

ఈ గుడారములను ఏ వాక్యముతో చదవాలి? మాకు యిర్మీయా 35వ అధ్యాయము తోచుచున్నది. రేకాబీయులు ఇండ్లు కట్టుకోరు, విత్తనములు విత్తరు, ద్రాక్షారసము త్రాగరు, గుడారములలోనే నివసిస్తారు. బబులోను సైన్యము దేశముపైకి వచ్చినప్పుడు వారు యెరూషలేములో తలదాచుకొన్నారు. వారిని మందిరపు గదిలోనికి పిలిచి ద్రాక్షారసము వారి ముందు పెట్టుమని దేవుడు ప్రవక్తకు ఆజ్ఞాపించాడు. వారు త్రాగలేదు.

ఇక్కడ రెండు సంగతులు స్పష్టము. మొదటిది, యూదావారందరూ ఇండ్లు విడిచి గుడారములలోనికి వెళ్లాలని దేవుడు చెప్పలేదు. గుడారము అందరికీ ధర్మశాస్త్రము కాదు. రెండవది, యిర్మీయా వారిని పట్టణము వెలుపలికి గెంటలేదు. మందిరములోనికి తీసుకొనివచ్చి, వీరు తమ పితరుని మాట నిలుపుకొన్నారే, మీరు నా మాట ఎందుకు వినలేదు అనే దేవుని ప్రశ్నను పట్టణపు ప్రజలకు వినిపించాడు. గుడారము ఒక గురుతు. దానిని చూచి పట్టణము తన్ను తాను ప్రశ్నించుకోవాలి.

తెలుగు నేలకు ఈ గురుతు తెలుసు. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయములో హాస్టలునుండి వెలివేయబడిన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు ప్రాంగణములోనే గుడారము వేసుకొని దానికి వెలివాడ అని పేరు పెట్టారు. వారిలో ఒకరైన రోహిత్ వేముల జనవరి 17న ప్రాణము తీసుకున్నారు. మన సంఘములలో అధిక భాగము ఊరి వెలుపలి పేటలనుండి వచ్చినవే. ప్రభువు గవిని వెలుపట శ్రమపడెనని, మనము ఆయన నింద భరించుచు శిబిరము వెలుపలికి వెళ్లాలని బోధించే హెబ్రీ 13:12-13 మనకు ఇతరుల వాక్యము కాదు.

మన ప్రసంగ వేదికపై విమర్శ

మా ఆమేన్ ఎక్కడినుండి వచ్చింది? 1948లో ఏర్పడిన ఇశ్రాయేలు అనే రాజ్యమును, బైబిలులోని ఇశ్రాయేలును ఒక్కటే అనుకొన్నందున వచ్చింది. 1909లో వెలువడిన స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిలు వంటి గ్రంథములు ప్రచారము చేసిన యుగవిభజన బోధ మన ప్రవచన సభలలో ఎంతో కాలముగా వినబడుచున్నది. ఆదికాండము 12:3ను ఎత్తి చూపి, ఆ రాజ్యము ఏమి చేసినా ఆశీర్వదించాలి అంటాము. అబ్రాహాముకు చేయబడిన వాగ్దానము క్రీస్తునందు నెరవేరినదని, క్రీస్తు సంబంధులే అబ్రాహాము సంతానమని గలతీ 3:16, 29లో పౌలు వ్రాసినది అప్పుడు మరచిపోతాము. భూమి తనదేననియు, ప్రజలు దానిలో పరదేశులే అనియు లేవీయకాండము 25:23లో దేవుడు చెప్పిన మాటను కూడా మరచిపోతాము.

ఇంకొక మరపు ఉన్నది. పాలస్తీనా ప్రజలలో క్రైస్తవులున్నారు. పెంతెకొస్తు దినమున అపొస్తలుల బోధ విన్నవారిలో అరబీయులున్నారని అపొస్తలుల కార్యములు 2:11 చెప్పుచున్నది. 2023 అక్టోబరులో గాజాలోని పునీత పోర్ఫిరియస్ సంఘ ఆవరణములో ఆశ్రయము పొందినవారు వైమానిక దాడిలో మరణించారు. 2025 జూలై 17న హోలీ ఫ్యామిలీ కతోలిక దేవాలయముపై జరిగిన దాడిలో ముగ్గురు మరణించారు. 2023 క్రిస్మసుకు బేత్లెహేములోని లూథరన్ సంఘములో పాస్టరు ముంథర్ ఐజాక్ బాలయేసు ప్రతిమను శిథిలముల మధ్య ఉంచారు. 2009లో పాలస్తీనా క్రైస్తవ నాయకులు కైరోస్ పత్రమును ప్రకటించి లోకములోని సంఘములకు మొరపెట్టుకొన్నారు. ఆంధ్రదేశములో ఇన్ని లూథరన్ సంఘములుండగా ఆ మొర మన పీఠములపైనుండి ఎన్నిసార్లు వినబడింది? మన రాష్ట్ర ప్రభుత్వపు ఆర్థిక సహాయముతో యెరూషలేము యాత్ర చేసి వచ్చిన మా సంఘస్థులను, బేత్లెహేములో ఏ విశ్వాసులను కలిశారని అడిగాము. దుకాణములు, యొర్దాను నీళ్లు జ్ఞాపకమున్నవి గాని, కలిసిన విశ్వాసి ఒక్కరూ లేరు. తప్పు వారిది కాదు, అటువంటి సహోదరులున్నారని చెప్పని మాది.

గుడారముపై విమర్శ

ఇంతమాత్రము చెప్పి ఆగిపోతే ఇది విమర్శ కాదు, స్తుతి అవుతుంది. రేకాబీయులకు గుడారపు నియమము ఇచ్చిన పితరుడు యెహోనాదాబు. 2 రాజులు 10:15-17లో ఆ యెహోనాదాబే యెహూ రథమెక్కాడు. దేవుని కొరకైన ఆసక్తి చూడుమని యెహూ పిలువగా వెళ్లాడు. ఆ రథము వెళ్లిన చోట అహాబు ఇంటివారిలో ఒక్కడు మిగలలేదు. అదే అధ్యాయము 30వ వచనములో యెహూకు మెప్పు ఉన్నది నిజమే. కాని హోషేయ 1:4లో యెజ్రెయేలు రక్తమునకై యెహూ ఇంటివారిని దండింతునని అదే దేవుడు పలికాడు. ఈ రెండు వచనములను ఒకదానితో ఒకటి కొట్టివేయక, రెండింటినీ మోయుట వేదాంత విద్యార్థి నేర్చుకోవలసిన క్రమశిక్షణ.

న్యాయమునకై గుడారము వేసినవాడు రక్తపు రథమెక్కగలడు. కొలంబియా శిబిరములో ప్రముఖముగా మాట్లాడిన ఒక విద్యార్థి, సీయోనువాదులు బ్రతుకుటకు తగరను అర్థమిచ్చే మాటలు అంతకుముందు పలికిన దృశ్యము బయటపడింది. అక్టోబరు 7న చంపబడినవారిని గూర్చి ఏడ్వలేని శిబిరము ఆసక్తి గలదే గాని ప్రవచనాత్మకమైనది కాదు. తరగతిలో తన ప్రక్కన కూర్చునే యూదుడు భయపడి నడవవలసి వస్తే ఆ గుడారమునకు గురుతుగా నిలిచే అర్హత తగ్గిపోవును. అదే శిబిరములో యూదు విద్యార్థులు తామే గుడారములు వేసి, పస్కా విందు ఆచరించారన్నది కూడా సత్యమే. రెండూ చెప్పాలి. యూదులను ద్వేషించుట సంఘ చరిత్రలో పాత పాపము. రోమా 11 చదివినవాడు ఆ పాపమును మరల ముట్టకూడదు.

మన పట్టణమునకు ఈ ప్రశ్న

2025 మార్చి, ఏప్రిల్ నెలలలో అమెరికాలో అనేక విద్యార్థి వీసాలు రద్దయ్యాయి. కొలంబియాలో పరిశోధన చేయుచున్న భారతీయురాలు రంజని శ్రీనివాసన్ వీసా మార్చి 5న రద్దయింది. ఆమె కెనడాకు వెళ్లిపోయారు. ఆ దినములలో మా సంఘములో ఒక తల్లి ఆరాధన తరువాత మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, మావాడు ఆ గుడారాల దగ్గరికి వెళ్లకుండా ప్రార్థన చేయండి. అప్పు చేసి పంపించామండి" అన్నది. 2023-24లో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అటువంటి తల్లులు మన ప్రతి సంఘములో ఉన్నారు.

మేము ప్రార్థన చేశాము. కాని ఇంటికి వచ్చిన తరువాత ఆ ప్రార్థన మమ్మును విడువలేదు. బిడ్డ క్షేమము అడిగాము, చనిపోయిన బిడ్డలను తలచుకోలేదు. 1 రాజులు 18లో ఏలీయా రాజు ముందు నిలిచాడు. ఓబద్యా రాజు ఇంటిలోనే ఉండి, నూరుగురు ప్రవక్తలను గుహలలో దాచి పోషించాడు. ఇద్దరూ యెహోవాకు భయపడినవారే. వీసా మీద బ్రతికే బిడ్డను ఏలీయావు కమ్మని ఇక్కడినుండి ఆజ్ఞాపించే అధికారము మాకు లేదు. కాని పోగొట్టుకొనుటకు వీసా లేని మేము ఎందుకు మౌనముగా ఉన్నాము? ఈ ప్రశ్నను ఆ తల్లి అడగలేదు, ఆ తల్లి ప్రార్థన విన్నపము అడిగింది.

మాకంటె ముందుగా ఓడరేవు కార్మికులు దీనికి జవాబిచ్చారు. 2024 ఫిబ్రవరిలో, దేశములోని 11 ప్రధాన ఓడరేవులలో 3,500 మంది కార్మికులకు ప్రాతినిధ్యము వహించే జల రవాణా కార్మికుల సమాఖ్య, ఇశ్రాయేలుకు వెళ్లే ఆయుధ సరకును ఎక్కించబోమని, దించబోమని ప్రకటించింది. ఓడరేవు పట్టణములో సరకుల బరువు తెలిసినవారు పలికిన మాట అది. తమ చేతి పని ఎక్కడికి చేరుతుందో వారు అడిగారు. అమెరికా విద్యార్థులు తమ విశ్వవిద్యాలయపు డబ్బు ఎక్కడికి చేరుతుందో అడిగారు. సంఘపు డిపాజిట్లు, స్థలములు, విరాళములు ఎక్కడినుండి వచ్చి ఎక్కడికి చేరుచున్నవో మన సంఘ కమిటీలలో మనము అడిగినామా?

ఉపసంహారము

ఈ పరిశీలనలో మేము గ్రహించినది ఒక్కటే. కాపరి పని గుడారమును పొగడుటయు కాదు, గెంటుటయు కాదు. యిర్మీయావలె దానిని మందిరములోనికి తెచ్చి, దాని ప్రశ్నను ముందుగా తన సంఘమునకు, తనకు వినిపించుట. అదే సమయములో యెహూ రథము తలుపు దగ్గర ఆగినప్పుడు ఎక్కవద్దని యౌవనులను హెచ్చరించుట.

మా సహవాసములో ఆ సహోదరునితో ఈ సంగతులు మాట్లాడాము. ఆయన ఇంకను పూర్తిగా ఒప్పుకొనలేదు. కాని వచ్చే కూడికలో యిర్మీయా 35 చదువుదామని ఆయనే అన్నారు. ఈసారి ఆమేన్ చెప్పుటకు ముందు గాజాలోని విశ్వాసుల కొరకును, ఆప్తులను పోగొట్టుకొన్న ఇశ్రాయేలు కుటుంబముల కొరకును పేరు పెట్టి ప్రార్థించాలని నిర్ణయించుకొన్నాము. అమెరికాలో చదువుచున్న తన కుమారుని కొరకు విన్నపము చేసిన ఆ తల్లిని కూడా పిలిచాము.