పాదాలు విరిస్తే కవితా?

హైదరాబాద్ శివారు తెల్లాపూర్ అపార్టుమెంట్లలో కవిత్వం రాసే కుర్రకారు పెరుగుతున్నారు. ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే. ఆదివారం సాయంత్రాలు కలిసినప్పుడు ఫోన్‌లోంచి చదివి వినిపిస్తారు. ఛందస్సు మాటెత్తితే చాలు, "శ్రీశ్రీ దాన్ని ఎప్పుడో తీసిపారేశాడు కదండీ" అంటారు.

ఈ నమ్మకం చూస్తే బాధేస్తుంది. 1928లో వచ్చిన శ్రీశ్రీ తొలి పుస్తకం 'ప్రభవ'లో ఉన్నవి పద్యాలు. అప్పటికి ఆయనకు ఇరవై నిండలేదు. 1950లో పుస్తకమైన 'మహాప్రస్థానం'లో వృత్తాలను పక్కనపెట్టాడు, నిజమే. కానీ అందులోని గేయాల్లో చాలావాటిని నడిపించేది మాత్రాఛందస్సే. మాత్రల లెక్క చెవికి పట్టినవాడు రాసినవవి. గొంతెత్తి చదవండి, తెలుస్తుంది.

వచన కవితను ఉద్యమంగా నడిపిన కుందుర్తి ఆంజనేయులు కూడా దాన్ని తేలిక దారిగా చూపలేదు. ఉత్పలమాలలో పదో అక్షరం దగ్గర యతి పడుతుంది. పాదం ఎక్కడ ముగియాలో కూడా పద్యమే చెబుతుంది. వచన కవితలో ఆ తోడు లేదు. పాదం ఎక్కడ విరవాలో మన ఊపిరి, మన అర్థం తేల్చుకోవాలి. అందుకే నేను ఈ కుర్రకారుతో, రాసిన కవితను ఒక్క పేరాగా కలిపి రాసి చూడమంటాను. ఏమీ పోలేదనిపిస్తే ఆ విరుపులకు పనిలేదన్నమాట.

చిన్న కవిత సులువన్నది ఇంకో భ్రమ. అలిశెట్టి ప్రభాకర్ ఫొటోగ్రాఫర్, బొమ్మలూ వేసేవాడు. 'సిటీ లైఫ్' పేరుతో ఆంధ్రజ్యోతిలో ఈ నగరం మీద ఆయన రాసిన చిట్టి కవితల్లో అక్కర్లేని మాట దొరకదు. ఏది ఫ్రేములో ఉండాలో ఆ కన్నుకు తెలుసు. మన పిల్లలేమో ఎప్పుడో వదిలొచ్చిన పల్లెటూరి అరుగు మీదే రాస్తున్నారు. బాల్కనీ ఎదురుగా బండలు పగలగొట్టి టవర్లు లేపుతున్నా అది కవితకు పనికిరాదనుకుంటారు.

ఒక్క ఊపులో వచ్చింది, దిద్దితే చెడిపోతుందనే భయం అన్నిటికంటే మొండిది. మొన్న ఒకమ్మాయి నైట్ షిఫ్ట్ క్యాబ్ మీద రాసింది. గట్టిగా చదవమన్నాను. 'ఒంటరితనం' అన్న మాట దగ్గర తనే ఆగింది. "ఇది తీసేస్తానండీ. డ్రైవర్ అద్దం పక్కకి తిప్పాడని రాశాను కదా, అది చాలు" అంది. ఇప్పుడా కవిత సగానికి దిగింది. ఇంకా దిద్దుతోంది.