తోడే పంపు, తోసే పంపు

పాత అంబాసిడర్ ఎండాకాలంలో నడిరోడ్డున ఆగిపోతే, అనుభవమున్న డ్రైవరు బానెట్ ఎత్తి ముందుగా చేసే పని పెట్రోలు పంపుకు తడిగుడ్డ చుట్టడం. కాసేపు ఆగి సెల్ఫ్ కొడితే ఇంజను అందుకుంటుంది. తెనాలి నుంచి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లెకు, పొన్నూరు మీదుగా బాపట్లకు వెళ్లే దారుల్లో కాలవలకు కొదవ లేదు. అయితే బండికి తడిగుడ్డ అవసరమయ్యే మే నెలలోనే కాలవలు కట్టేస్తారు. అందుకే డిక్కీలో నీళ్ల డబ్బా ఒకటి ఉండాల్సిందే.

ఈ తడిగుడ్డ వైద్యం మూఢనమ్మకం కాదు, ఇందులో శాస్త్రం ఉంది. అది తెలిస్తే, పాత కారుకు ఎలక్ట్రిక్ పంపు పెట్టాలా, పెడితే ఎలాంటిది, ఎక్కడ అన్న ప్రశ్నలకు దారి దొరుకుతుంది.

హిందుస్థాన్ మోటార్స్ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1957 నుంచి 2014 దాకా అంబాసిడర్లు తయారుచేసింది. మన ఊళ్లలో ఎక్కువగా కనిపించిన 1489 సీసీ పెట్రోలు ఇంజనుకు పంపు ఇంజను దిమ్మకే బిగించి ఉంటుంది. లోపల క్యామ్‌షాఫ్ట్ తిరిగినప్పుడల్లా పంపు మీట కదులుతుంది, మీట డయాఫ్రమ్‌ను లాగుతుంది, ఆ లాగుడుకు వెనక ట్యాంకు నుంచి పెట్రోలు వస్తుంది. దాన్ని కార్బొరేటర్‌కు పంపేది మాత్రం మీట కాదు, డయాఫ్రమ్ కింది స్ప్రింగు. ఆ స్ప్రింగు ఎంత నెడితే అంతే ఒత్తిడి. ఫియట్, ప్రీమియర్ పద్మినీల్లోనూ ఇదే పద్ధతి.

చిక్కంతా ఆ లాగుడులో ఉంది. ద్రవాన్ని లాగినప్పుడు గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది, ఒత్తిడి పడితే మరిగే ఉష్ణోగ్రత కూడా పడుతుంది. పెట్రోలులోని తేలిక భాగాలు మామూలుగానే నలభై డిగ్రీల దరిదాపుల్లో ఆవిరవుతాయి. అలాంటి పెట్రోలును కాగిన ఇంజనుకు ఆనుకుని ఉన్న పంపు లాగుతుంటే గొట్టంలో బుడగలు పుడతాయి. డయాఫ్రమ్ ఆ ఆవిరిని నలుపుతుందే తప్ప పెట్రోలును ముందుకు పంపలేదు. మెకానిక్కులు వేపర్ లాక్ అనేది దీన్నే. తడిగుడ్డ పంపును చల్లబరిచి ఆవిరిని మళ్లీ ద్రవం చేస్తుంది.

ఇప్పుడు దీనికి ఇథనాల్ తోడైంది. 2022లో దేశమంతటా పెట్రోలులో పది శాతానికి చేరిన ఇథనాల్, 2023 నుంచి ఈ20 రూపంలో ఇరవై శాతంగా బంకుల్లోకి వచ్చింది. పాతకాలపు రబ్బరు డయాఫ్రమ్‌లు, గొట్టాలు దీన్ని తట్టుకునేలా చేసినవి కావు. అవి మెత్తబడతాయి, ఉబ్బుతాయి, చిట్లుతాయి. ఇథనాల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం కూడా ఉంది. డెల్టా ఉక్కపోతలో నెలల తరబడి షెడ్డులో నిలబడిన కారు ట్యాంకు తుప్పు పట్టడానికి ఇది చాలు. డయాఫ్రమ్ చిల్లుపడితే పెట్రోలు నేరుగా ఇంజనాయిలులోకి దిగుతుంది. ఆయిలు పుల్ల తీసి వాసన చూసే పాత డ్రైవర్ల అలవాటు అందుకే. ఆయిలు మట్టం పెరిగి పెట్రోలు కంపు కొడితే ఆ బండిని ఇంకో కిలోమీటరు కూడా నడపకూడదు.

అయినా ప్రతి ఆగుడుకూ పంపునే తప్పుపట్టకూడదు. ట్యాంకు మూతలో గాలి రంధ్రం మూసుకుపోయినా, ట్యాంకు తుప్పు ఫిల్టరులో నిండినా, లాగుడు వైపు గొట్టానికి వెంట్రుకంత పగులున్నా లక్షణాలు ఒకేలా ఉంటాయి. బండి ఆగినప్పుడు మూత వదులు చేసి చూస్తే మొదటిది వెంటనే తేలిపోతుంది. ఈ మూడూ సరిచూడకుండా కొత్త పంపు పెడితే డబ్బు పోతుంది, జబ్బు ఉంటుంది.

ఎలక్ట్రిక్ పంపు పాత కార్లకు పరాయిదేమీ కాదు. 1948లో వచ్చిన మోరిస్ మైనర్‌కు పుట్టుకతోనే ఎస్‌యూ కంపెనీ ఎలక్ట్రిక్ పంపు ఉండేది. మన దేశంలో బేబీ హిందుస్థాన్ పేరుతో తిరిగింది ఆ కారే. అందులో డయాఫ్రమ్‌ను విద్యుదయస్కాంతం లాగుతుంది, నెట్టే పని ఇక్కడా స్ప్రింగుదే. కార్బొరేటర్ నిండితే టకటకమనే చప్పుడు నెమ్మదిస్తుంది. ఆగకుండా కొట్టుకుంటోందంటే ట్యాంకు ఖాళీ అయినా కావాలి, ఎక్కడో కారుతూనైనా ఉండాలి. ఇప్పటి సాలిడ్ స్టేట్ పంపుల్లో కరెంటును కలిపి విడదీసే పాయింట్ల స్థానంలో ట్రాన్సిస్టర్లు వచ్చాయి. సూత్రం మాత్రం మారలేదు.

ఎంపికలో చాలామంది పొరబడేది బలం దగ్గర. లీటరుకు పది కిలోమీటర్లిచ్చే కారు గంటకు అరవై వేగంతో పోతే గంటకు తాగేది ఆరు లీటర్లు. ఇంజనును పూర్తిగా తొక్కినా అందుకు రెండు మూడు రెట్లే. బజారులో దొరికే చిన్న పంపు కూడా ఇంతకంటే ఎక్కువే ఇస్తుంది. కాబట్టి చూడాల్సింది పరిమాణం కాదు, ఒత్తిడి. కార్బొరేటర్‌లో పెట్రోలును ఆపేది ఫ్లోట్ మోసే చిన్న సూది వాల్వు. ఈ ఇంజన్లకు రెండు, మూడు పీఎస్ఐ చాలు. అంతకు మించితే సూది నిలవదు, పెట్రోలు పొంగి వేడి ఇంజను మీద పడుతుంది. ఇంజెక్షన్ కార్ల పంపులు నలభై పీఎస్ఐ పైనే నెడతాయి. పాత సామాన్ల కొట్టులో చవగ్గా దొరికిందని అలాంటిది తెచ్చి బిగించడమంటే అగ్గిని ఆహ్వానించడమే. తక్కువ ఒత్తిడి పంపు దొరకకపోతే కార్బొరేటర్‌కు ముందు రెగ్యులేటర్ తప్పనిసరి. డీజిల్ అంబాసిడర్‌కు ఈ లెక్కలేవీ వర్తించవు, దాని ఇంజెక్షన్ పంపు తీరు వేరు.

రెండో ప్రశ్న చోటు. కాలవ నీళ్లు చేలోకి తోడే రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు: ఇంజను నీటికి దగ్గరుండాలి, దూరంగా ఎత్తున పెడితే నీరు అందుకోదు. పెట్రోలు పంపు కూడా తోయడంలో దిట్ట, తోడడంలో బలహీనం. కాబట్టి దాని స్థానం వెనక ట్యాంకు పక్కన, వీలైతే ట్యాంకు అడుగు మట్టంలో. అప్పుడు ముందుకు పోయే గొట్టమంతా ఒత్తిడి కింద ఉంటుంది, మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది, తడిగుడ్డతో పని తగ్గుతుంది. ఒక పీఎస్ఐ ఒత్తిడి పెట్రోలును సుమారు మూడడుగుల ఎత్తుకు లేపగలదు కాబట్టి ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా ఎక్కడం దానికి భారం కాదు. పొరపాటున కారినా ఆవిరి లోపల నిలవకుండా పంపు డిక్కీ బయట ఉండాలి. సైలెన్సరు వేడికి దూరంగా, రబ్బరు వాషర్ల మీద బిగించాలి. పంపుకు ముందు ఫిల్టరు, గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకం.

వైరింగులో ముందు తేల్చుకోవాల్సింది కారు ఎర్త్. పాత బ్రిటిష్ నమూనా కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ ఎర్త్ అయి ఉండేది, కొన్నింటిని తర్వాత మార్చారు. ట్రాన్సిస్టర్ పంపుకు తీగలు తిరగబడితే అది అక్కడికక్కడే చస్తుంది. సూర్యలంక, నిజాంపట్నం వైపు తిరిగే బండ్లలో ఉప్పుగాలి ఎర్త్ బోల్టును తినేస్తుంది. రంగు గీకి మెరిసే ఇనుముకు బిగించి, పైన గ్రీజు పూయాలి. కరెంటు ఇగ్నిషన్ నుంచి రిలేకు, ఫ్యూజు ద్వారా పంపుకు వెళ్లాలి.

అసలు ప్రాణరక్ష ఇంకొకటుంది. పాత పంపు ఇంజను ఆగితే తానూ ఆగేది. ఎలక్ట్రిక్ పంపుకు ఆ తెలివి లేదు. ప్రమాదంలో గొట్టం తెగి ఇంజను ఆగినా తాళం తిరిగి ఉన్నంతసేపూ పెట్రోలు కక్కుతూనే ఉంటుంది. పంపు రిలేను ఆయిలు ఒత్తిడి స్విచ్చి గుండా కలిపితే, ఇంజను ఆగి ఆయిలు ఒత్తిడి పడగానే పంపుకూ కరెంటు పోతుంది. సెల్ఫ్ తిరిగేటప్పుడు మాత్రం స్టార్టరు తీగ నుంచి కరెంటు అందేలా చూడాలి. గుద్దుకున్నప్పుడు కరెంటు కోసే ఇనర్షియా స్విచ్చి కూడా ఉంటే మరీ మంచిది. ఈ ఏర్పాటు లేకుండా పంపు పెట్టిన పనిని సగం పనిగానే లెక్కించాలి.

పాత పంపును ఇంజను మీదే ఉంచి కొత్తదాన్ని దాని వెనక కలిపేవాళ్లున్నారు. దానివల్ల ప్రమాదముంది. పాత డయాఫ్రమ్ చిల్లుపడిన రోజు కొత్త పంపు పెట్రోలునంతా ఇంజనాయిలులోకి నెడుతుంది. పాతదాన్ని విప్పి, ఆ రంధ్రానికి ప్యాకింగు వేసి రేకుబిళ్ల బిగించాలి. విప్పినదాన్ని పారేయకూడదు. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, మూలరూపం చెడని సొంత వాహనాలకు వింటేజ్ హోదా, వీఏ సిరీస్ నంబరు లభిస్తాయి. ఏ మార్పు చేసినా వెనక్కి తిప్పుకునేలా ఉండాలన్నది అందుకే పాటించదగ్గ నియమం. తెనాలి శిల్పులు వాహనాల ఇనుప తుక్కుతో గొప్ప విగ్రహాలు చేస్తారు. మంచి పంపు ఒకటి ఆ తుక్కులో చేరకుండా నూనె రాసి డబ్బాలో దాచడం యజమాని పని.

బిగించాక పరీక్ష. కార్బొరేటర్ దగ్గర గొట్టం విప్పి, ఆరుబయట, నిప్పు దగ్గర లేకుండా డబ్బాలోకి వదిలితే నిమిషానికి అర లీటరైనా రావాలి. తర్వాత గేజి పెట్టి ఒత్తిడి చూడాలి. ఇంజను తిరుగుతుండగా ప్రతి క్లిప్పునూ తడిమి తడి లేదని తేల్చుకోవాలి.

రోజూ తిరిగే కారుకు ఇథనాల్ తట్టుకునే కొత్త డయాఫ్రమ్ వేసిన పాత పంపే చాలు. పెళ్లిళ్లకూ పండగలకూ మాత్రమే షెడ్డు దాటే కారుకు ఎలక్ట్రిక్ పంపు నిజంగా మేలు. ఎండిపోయిన కార్బొరేటర్‌ను సెల్ఫ్ కాసేపు తిప్పగానే నింపి బ్యాటరీని కాపాడుతుంది. పంపు కొనేటప్పుడు దుకాణంలో అడగాల్సింది ధరకంటే ముందు ఎన్ని పీఎస్ఐ అని. బిగించాక మెకానిక్కును అడగాల్సింది బండి ఎంత బాగా లాగుతుందని కాదు, ఇంజను ఆగితే పంపును ఆపేది ఏది అని. ఈ రెండో ప్రశ్నకు తడుముకోకుండా స్విచ్చిని వేలితో చూపించగల చేతికే పాత కారును అప్పగించాలి.