ఊరి పేరూ, ఉత్పలమాలా

బాపట్ల మిత్రుడొకాయన స్థానం నరసింహారావుగారి మీద ఉత్పలమాల రాశాడు. 1902లో స్థానంవారు పుట్టిన ఊరు గనుక బాపట్ల పేరు పడాలి. పడింది. కాని "బాపటల" అని పడింది! యతి కుదిరింది, ప్రాస కుదిరింది, ఊరే కుదరలేదు.

"పేరలా విరిచావేమోయ్?" అన్నాను.

"ఛందస్సు విరిపించింది. నన్నేం చెయ్యమంటావ్?"

ఈ మాట నాకు మింగుడు పడలేదు. ఆ సాయంత్రమే రేపల్లె సభలో పద్యం చదవాలి. బాపట్లలో రైలెక్కి, తెనాలిలో దిగి, రేపల్లె బండి కోసం బల్ల మీద కూర్చుని వేళ్లు మడిచాను.

బాపట్ల అంటే గురువు, గురువు, లఘువు. తగణం. "ట్ల" మూలాన ముందున్న "ప" గురువైంది. ఉత్పలమాల గణాలేమో భ ర న భ భ ర వ. పాదంలోని ఇరవై అక్షరాల్లో ఎక్కడా రెండు గురువులు పక్కపక్కన కూర్చోవు. ఇక బాపట్లకి చోటెక్కడిది? ఒకటే దారి. "బా" ఒక పాదం చివర, "పట్ల" తరువాతి పాదం మొదట. తెలుగు పద్యంలో మాట పాదం దాటడం తప్పేమీ కాదు. కాని అప్పుడు "ట్ల" ప్రాసస్థానంలో పడుతుంది. తక్కిన పాదాల్లో తిట్లూ, పాట్లూ, అట్లూ వచ్చి చేరతాయి. అవి స్థానంవారికి కావాలా? చంపకమాలలో ఆ దారి కూడా లేదు. "భావపురి" అనవచ్చు, నిర్దుష్టమే. కాని మేం టిక్కెట్టు కొన్నది బాపట్లలో కదా!

తప్పు ఛందస్సుది కాదు, వృత్తం ఎంచుకోవడంలో ఉంది. శార్దూలం చూడండి: మ స జ స త త గ. చివర తగణాలు జంటగా ఉన్నాయి. రేపల్లె కూడా తగణమే! తెనాలి జగణం, మూడో గణం అచ్చంగా అదే. పదమూడో అక్షరం యతి. అక్కడ "బా" పడుతుంది గనుక "ప"తో ఎత్తుకుంటే చెల్లు.

"పద్యంబున్ వినఁగాఁ దెనాలి పిలిచెన్ బాపట్ల రేపల్లెలన్"

సంధి సూత్రం తెనాలిని దెనాలి చేసింది. వ్యాకరణానికి ఆ మాత్రం సుంకం తప్పదు. ఊరు విరగలేదు, కాస్త మెత్తబడిందంతే. ఇంకొకటి. సంస్కృతంలో యతి అంటే విరామం, మనకది అక్షరమైత్రి. మాట మధ్యలో పడినా దోషం కాదు. ఇక్కడ మాట మొదట్లోనే పడింది కాబట్టి హార్మోనియం పక్కన నిలబడి పాడేవాడు హాయిగా ఊపిరి తీసుకోవచ్చు.

మిత్రుడు విని, "బాగానే ఉందోయ్, తక్కిన మూడు పాదాలకీ రెండో అక్షరం 'ద్య' ఎవడు తెస్తాడు?" అన్నాడు.

విద్య, వాద్యం అందించాను. బండి భట్టిప్రోలు చేరినా మూడో పాదానికి ఆయనకు "మద్యం" తప్ప తోచలేదు. సభలో ఉత్పలమాలే చదివాడు. ఊరి పేరు దగ్గర మాత్రం ఆగి, "బాపట్ల" అని ముందుగా వచనంలో చెప్పి, ఆ పాదం మింగేశాడు.