అమ్మ మీద వేసిన మాట

తిరువూరులో ఇంటర్ చదువుతుండగా అమ్మ పోయింది. ఆ ఏడే బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ చదివాను. 1946-47లో నవోదయలో వచ్చిన నవల. తల్లి పోయినా, ఆమె మీద లోకం వేసిన నింద దయానిధిని వదలదు. ఆ ఒంటరితనం నాకు తెలుసు. మిరపకోతకెళ్ళి పొద్దుగూకి వచ్చే మా అమ్మనీ అన్నారు. అడిగితే నానమ్మ, “నీకెందుకురా, బువ్వ తిను” అనేది.

దయానిధి డాక్టరు. ఊరొదిలి రాయలసీమ పోగలిగాడు. మా పల్లెలో ఎక్కడికి పోతాం? మాటన్న ఆసామి చేలోకే తెల్లారి కూలికెళ్ళాలి.

కొడుకు మనసునైతే బుచ్చిబాబు లోతుగా తవ్వాడు, ఒప్పుకుంటాను. తల్లి గోడు మాత్రం ఆమె నోట వినపడదు. ఆయన్నేం అనను? ఊరి మాట నమ్మి, అమ్మ పక్కన పడుకోవడం మానేసినోణ్ణి నేను. నిజమేంటమ్మా అని ఒక్కనాడూ అడగలేదు.