పరికరముల పేర్లు – ఆజ్ఞల మంచిచెడ్డలు

పొన్నూరుకు రైలులో పోవువారు నిడుబ్రోలు స్టేషనులో దిగవలెను. ఊరి పేరొకటి, స్టేషను పేరు వేరొకటి. ఈ సంగతి తెలియనివాడు పొన్నూరు బోర్డు కొరకు చూచుచు ఊరు దాటిపోవును. లినక్స్ కంప్యూటరులో పరికరములను నిర్వహించు ఆజ్ఞలయందును ఇట్టి చిక్కే కలదు.

కీబోర్డుపై టైపు చేయు ఈ ఆజ్ఞలలో 'ఎల్ఎస్‌యుఎస్‌బి' అనునది యు.ఎస్.బి. పరికరములను, 'ఎల్ఎస్‌బిఎల్‌కె' అనునది డిస్కులను వరుసగా చూపును. వీని గొప్ప గుణము నిక్కచ్చితనము. ప్రతి యు.ఎస్.బి. పరికరము తయారీదారు సంఖ్యను, వస్తుసంఖ్యను తనలో కలిగియుండును. ఒక్కొక్కటి 16 బిట్ల సంఖ్య. పెట్టెపై ఏ పేరు అచ్చువేసినను ఆజ్ఞ చదువునది ఈ లోపలి సంఖ్యలనే. ఆ జాబితాను దాచుకొని, మరునెల జాబితాతో పోల్చి చూడవచ్చును. పాఠశాల ప్రయోగశాలకు ఇంతకన్న చౌకయైన తనిఖీ లేదు.

అయితే జాబితాలో పేరున్నంత మాత్రమున పరికరము పనిచేయుచున్నదని తలపరాదు. హాజరుపట్టీలో పేరున్న పిల్లవాడు పాఠము విన్నాడని చెప్పగలమా?

అంతకన్న పెద్ద దోషము డిస్కుల పేర్లలో ఉన్నది. 'ఎస్‌డిఎ', 'ఎస్‌డిబి' అను పేర్లు కంప్యూటరు డిస్కులను కనుగొనిన వరుసను బట్టి వచ్చునవి. నేడు 'ఎస్‌డిబి' అయిన పెన్‌డ్రైవు రేపు 'ఎస్‌డిఎ' కావచ్చును. ఇక యూనిక్స్ తొలినాళ్లనుండి వచ్చిన 'డిడి' అను ఆజ్ఞయో, అధికారముతో పిలిచినచో, మారు ప్రశ్న వేయక చెప్పిన డిస్కుపై వ్రాసివేయును. ఒక్క అక్షరము తప్పినచో పెన్‌డ్రైవునకు బదులు విద్యార్థుల మార్కులున్న డిస్కు చెరిగిపోవును. అట్లు పైన వ్రాయబడిన భాగము తిరిగిరాదు.

మారని గుర్తు లేకపోలేదు. తయారీదారిచ్చిన సీరియల్ సంఖ్యను 'ఎల్ఎస్‌బిఎల్‌కె' చూపగలదు. కాని ప్రత్యేకముగ అడిగిననే చూపును. అడుగనిచో మారెడు పేరునే ముందుంచును. విమర్శింపదగినది ఇదియే. ప్రమాదకరమైన సమాచారము సులభముగను, క్షేమకరమైనది శ్రమతోను దొరకుట మంచి సాధనమునకు లక్షణము కాదు.

అందుచేత విద్యార్థులకు ముందు నేర్పవలసినది 'డిడి' కాదు. పెన్‌డ్రైవు పెట్టకముందొకసారి, పెట్టినపిమ్మట ఒకసారి జాబితా తీయించవలెను. క్రొత్తగా చేరిన వరుసయే ఆ పెన్‌డ్రైవు. దాని పరిమాణమును, సీరియల్ సంఖ్యను నోటుపుస్తకములో వ్రాసిన తరువాతనే వ్రాతకు పూనుకొనవలెను.